పాదరసం ఊరు అల్మదేన్

చిన్నప్పుడు మా ఇంట్లో థర్మామీటర్ పగిలితే నేల మీద దొర్లే వెండి గుళికల్ని వేలితో నెడుతూ ఆడుకున్నాను. మనుషులు ఇంతవరకు వాడిన పాదరసంలో దాదాపు మూడో వంతు స్పెయిన్‌లోని ఒకే ఊరి నుంచి వచ్చిందని తెలిశాక ఆ ఊరు చూడాలనిపించింది.

సియుదాద్ రియల్ నగరం నుంచి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. సియెర్రా మోరెనా కొండల దగ్గర, దారంతా ఓక్ చెట్లు, గొర్రెల మందలు. అల్మదేన్ అనే పేరు గని అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది.

హెల్మెట్ పెట్టించి లిఫ్టులో 50 మీటర్ల కిందికి దించారు. గని మొత్తం లోతు 700 మీటర్లు. అక్కడే పనిచేసి రిటైరైన మా గైడు రాతిలో ఎర్రటి చారలు చూపించాడు. అదే ఇంగిలీకం, పాదరసం దొరికే ఖనిజం. దాన్ని కొలిమిలో కాలిస్తే లేచే ఆవిరి వరసగా పేర్చిన మట్టి గొట్టాల్లో చల్లబడి పాదరసమవుతుంది. దాన్ని తోలు సంచుల్లో కట్టి సెవిల్‌కు, అక్కణ్ణుంచి ఓడల్లో మెక్సికోకు పంపేవాళ్ళు. 16వ శతాబ్దం నడుమ నుంచి అక్కడి ముడి ఖనిజంలోని వెండిని పాదరసంతోనే వేరుచేశారు. అమెరికాల వెండి డచ్చి, ఇంగ్లిషు ఓడల్లో మచిలీపట్నం దాకా వచ్చి మన అద్దకం బట్టలను కొన్నది. ఆ చీకట్లో అది గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే నేను నిలబడ్డది ఖైదీల సొరంగానికి దగ్గరలో. రాజు నౌకల్లో తెడ్లు వేసే శిక్ష పడ్డవాళ్ళను 16వ శతాబ్దంలోనే ఇక్కడికి పంపడం మొదలుపెట్టారు. 18వ శతాబ్దంలో కట్టిన జైలు నుంచి గనిలోకి నేల కిందే దారి. ఎండ మొహం చూడకుండానే పనిలోకి. ఆవిరి పీల్చి పీల్చి చేతులు వణికేవి, పళ్ళు ఊడేవి. గడగడా వణికేవాణ్ణి స్పానిష్‌లో ఇప్పటికీ ‘అసోగాదో’ అంటారు, అంటే పాదరసం పట్టినవాడు. ఊళ్ళో ఆరు పలకల బుల్‌ఫైట్ మైదానం ఉంది. దాని రాబడి గనివాళ్ళ ఆసుపత్రికి వెళ్ళేది.

2000ల మొదట్లో తవ్వకం ఆగింది. 2011లో ఐరోపా సమాఖ్య పాదరసం ఎగుమతిని నిషేధించింది. 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది కానీ, టూరిస్టుల డబ్బు గని జీతాలకు సాటి రాదు. ఊళ్ళో మిగిలింది సుమారు అయిదు వేల మంది.

నిషేధం మంచిదేనా అని గైడును అడిగాను. మంచిదే అన్నాడు. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో గ్లాసును రెండు చేతులతో పట్టుకునేవాడట. కాసేపాగి, తన కొడుకు పని కోసం మాడ్రిడ్ వెళ్ళిపోయాడని చెప్పాడు.