గుల్లల వేటకు కనీస సైజు ఒక్కటే చాలదు

తీరంలో గుల్లల వేటకు సాధారణంగా మొదట వచ్చే నిబంధన కనీస సైజు. పట్టుబడేలోపు ప్రతి గుల్లా ఒక్కసారైనా గుడ్లనో వీర్యాన్నో వదలాలన్నది దాని ఉద్దేశం. ఆ కొలత సరైనదో కాదో తేలాలంటే అన్ని సైజుల గుల్లలూ తెరిచి, ఏ పొడవులో ఎన్నింటికి బీజకోశం (గుడ్లు లేదా వీర్యం తయారయ్యే అవయవం) పండిందో లెక్కపెట్టాలి. సగం గుల్లలు పక్వమయ్యే పొడవునే హద్దుగా పెడితే, ఆ పొడవుకు చేరినా ఇంకా పక్వం కాని సగం కూడా వేటకు దొరికిపోతాయి. హద్దు అంతకంటే పైన ఉండాలి.

అసలు చిక్కు లింగం మార్చుకునే జాతులతో. కాలిఫోర్నియా రాళ్లకు అతుక్కుని బతికే ఔల్ లింపెట్ అనే సముద్రపు నత్త మగదిగా మొదలై, పెద్దయ్యాక ఆడదవుతుంది. చాలా రకాల ఆల్చిప్పలదీ ఇదే దారి. అలాంటివాటికి కనీస సైజు పెట్టామంటే మగవాటిని కాపాడి, ఆడవాటిని వేటకు అప్పగించినట్టే. వేట ఎక్కువైన చోట కొన్ని జాతులు చిన్నగా ఉన్నప్పుడే ఆడవిగా మారతాయి గానీ గుడ్ల లోటు పూర్తిగా తీరదు. గుడ్ల సంఖ్య సుమారుగా శరీర ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, పొడవు రెట్టింపైన ఆడది ఎనిమిది రెట్ల దాకా గుడ్లు పెట్టగలదు. ఈ జాతులకు కనీస సైజుతోపాటు గరిష్ఠ సైజు కూడా పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

రాళ్లకు అతుక్కుని బతికే పెద్ద సముద్రపు నత్తలైన అబలోన్‌ల సంగతి వేరు. ఆడా మగా విడివిడిగా ఉంటాయి, గుడ్లూ వీర్యమూ నీళ్లలోకే వదులుతాయి. మధ్య దూరం కొన్ని మీటర్లు దాటితే వీర్యం పలచబడి గుడ్లు ఫలదీకరణ చెందవు. తెల్ల అబలోన్ వేటను కాలిఫోర్నియా 1990లలోనే ఆపేసింది. 2001లో అమెరికా దాన్ని అంతరించిపోయే జాతిగా ప్రకటించింది. మిగిలినవి ఒకదానికొకటి దూరంగా ఉండటంతో నిషేధం ఒక్కటే వాటిని తిరిగి పెంచలేకపోయింది, హేచరీల్లో (పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రాల్లో) పెంచి సముద్రంలో వదలాల్సి వస్తోంది. అందుకే సర్వేలో చదరపు మీటరుకు సగటు ఎంతో రాసుకుంటే చాలదు, ఒక్కోదానికి అతి దగ్గరి తోడు ఎంత దూరంలో ఉందో కూడా కొలవాలి. అబలోన్‌లు పలచబడుతుంటే గుంపులు చెదరకముందే వేట ఆపాలి.

అబలోన్‌ను రాయి మీద ఉండగానే కొలవాలి. దాని రక్తం గడ్డకట్టదు. పెకలించేటప్పుడు గాయమైతే, చిన్నదని వెనక్కి వదిలినా చచ్చిపోయే ప్రమాదం ఉంది. వదిలేటప్పుడు విసిరేయకుండా పాదం రాయికి ఆనేలా పెట్టాలి, బోర్లాపడితే వేటాడే జీవులకు దొరికిపోతుంది.

వేట నిషేధ కాలం విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు తేదీలది. కేరళ అష్టముడి సరస్సులో క్లామ్‌లు (రెండు చిప్పల గుల్లలు) గుడ్లు పెట్టే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపుతారు. అయితే గుడ్లు పెట్టబోయే ముందే గుల్లలో మాంసం నిండుగా ఉంటుంది, వేట జోరూ అప్పుడే. నిషేధం ఆలస్యమైతే గుడ్లతో నిండిన వాటినే ఏరుకుపోతారు. నీటి వేడి, ఉప్పదనం మారితే పక్వమయ్యే నెలా జరుగుతుంది కాబట్టి, నెలనెలా కొన్ని గుల్లలు తెరిచి చూశాకే తేదీలు ఖాయం చేయాలి. నిషేధం ఎత్తేశాక మొత్తం పట్టుబడికి హద్దు లేకపోతే, ఆపిన వేటంతా ఆ మొదటి వారాల్లోనే జరిగిపోతుంది.