వేలిముద్రల పూచీ

ఈమధ్య ఒక సహకార పరపతి సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్లాను. టేబుల్ మీద పాత అప్పుల రిజిస్టర్ ఉంటే తిరగేశాను. ప్రతి అప్పు ఎదురుగా ఇద్దరు జామీనుదారుల వేలిముద్రలు, సిరా పాకి గీతలు కూడా కలిసిపోయాయి. అప్పట్లో క్రెడిట్ స్కోరు అంటే అదే మరి!

జర్మనీలో రైఫైజెన్ అనే మేయర్ 1864లో హెడెస్‌డార్ఫ్‌లో పెట్టిన సంఘం నడిచిందీ ఈ పద్ధతిలోనే. వడ్డీ వ్యాపారుల చేతిలోంచి రైతుల్ని బయటపడేయాలని ఆయన తాపత్రయం. ఒకరు ఎగ్గొడితే సభ్యులందరి ఆస్తులూ పూచీ. దాంతో అప్పు ఎవరికిస్తున్నారు, ఆ డబ్బు ఎటు పోతోంది అని అందరూ ఓ కన్నేసి ఉంచేవారు. భారతదేశంలో 1904 సహకార పరపతి సంఘాల చట్టం కూడా గ్రామ సంఘాల విషయంలో ఆ బాటే పట్టింది.

ఇప్పుడు లెక్కలన్నీ కంప్యూటర్లోకి వస్తున్నాయి. మంచిదే, దొంగ లెక్కలు రాయడం కాస్త కష్టమవుతుంది. కాకపోతే పంట పోయి కట్టలేకపోయాడా, కావాలనే ఎగ్గొడుతున్నాడా అన్నది స్క్రీన్‌కేం తెలుసు? పక్క పొలం వాళ్లకి తెలుస్తుంది. అప్పు మంజూరులో వాళ్ల మాటకీ విలువ ఉండాలంటాను. ముఖ్యంగా కౌలు రైతు విషయంలో. అతని పేరున భూమి కాగితం ఉండదు, సాగు చేస్తున్నాడని చెప్పగలిగేది ఆ పక్కవాళ్లే.