నీలం 26, ఆకుపచ్చ 26

దసరాకని అమెరికాలోని ఎడిసన్‌లో అక్క వాళ్లింటికి వెళ్తే, 2024 అక్టోబర్ 20 ఆదివారం నాడు మేనల్లుడు నన్ను ఫుట్‌బాల్‌కి లాక్కెళ్లాడు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది. న్యూయార్క్ జెయింట్స్‌కీ ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కీ మ్యాచ్. పేరు న్యూయార్క్‌దే గానీ జెయింట్స్ ఆడే మెట్‌లైఫ్ స్టేడియం ఉన్నది న్యూజెర్సీలో. ఎడిసన్ ఆ రెండు ఊళ్లకీ మధ్యలో ఉంది కాబట్టి రైల్లో రెండు జట్లవాళ్లూ కనిపించారు. మామూలు బ్యాగులు లోపలికి రానివ్వరట. అక్క కట్టిచ్చిన జంతికల్ని వాడు బయటికి కనపడే ప్లాస్టిక్ సంచిలో పోశాడు.

సికాకస్‌లో దిగి స్టేడియం రైలు కోసం నిలబడ్డాం. నా ముందున్న పెద్దాయన నీలం జెర్సీలో ఉన్నాడు. వీపు మీద 26 నంబరు, పైన పేరుండాల్సిన చోట అడ్డంగా తెల్ల టేపు. టేపు ఒక మూల లేచిపోయి లోపలి అక్షరం తొంగి చూస్తోంది. కాస్త అవతల ఓ కుర్రాడి ఆకుపచ్చ జెర్సీ మీదా 26 నంబరే. అక్కడ పేరు మాత్రం నిక్షేపంగా ఉంది: బార్క్‌లీ.

సాక్వాన్ బార్క్‌లీని 2018 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, రెండో ఆటగాడిగా జెయింట్స్ తీసుకుంది. ఆరు సీజన్లు వాళ్లకే ఆడాడు. బంతి పట్టుకుని అవతలివాళ్ల మధ్యలోంచి దూసుకుపోవడం రన్నింగ్ బ్యాక్ పని, ఇతనిదీ అదే. పట్టుకున్న ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు మీద పడతారు. అందుకే వీళ్ల కెరీర్లు చిన్నవి. 2020లో ఇతని మోకాలి లిగమెంట్ తెగింది కూడా. 2023లో జెయింట్స్ తన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) డేనియల్ జోన్స్‌కి నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు రాసిచ్చింది. బార్క్‌లీకి మాత్రం వేరే జట్టుకి పోకుండా ఆపే ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఒక్క ఏడాదికి కట్టేసింది. మరుసటి ఏడాది ఆ ట్యాగూ వెయ్యలేదు. 2024 మార్చిలో అతను మూడేళ్లకు 3.775 కోట్ల డాలర్లకు ఈగిల్స్‌లో చేరాడు. రెండూ ఒకే డివిజన్ జట్లు, ఏటా రెండుసార్లు తలపడాల్సిందే.

రైల్లో కాలు పెట్టే చోటు లేదు. పెద్దాయన ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. "వెళ్లినందుకు కాదయ్యా నా బాధ. టెక్సస్ వెళ్లు, కాలిఫోర్నియా వెళ్లు. ఫిలడెల్ఫియాకా?"

ఆకుపచ్చ కుర్రాడు ఊరుకోలేదు. "ఇచ్చేవాడు ఇచ్చాడు, వెళ్లాడు. మీ ఓనరే నిద్ర పట్టదన్నాడుగా!" ఆ జూలైలో టీవీలో వచ్చిన సిరీస్‌లో జెయింట్స్ ఓనర్ జాన్ మారా తన జనరల్ మేనేజర్ జో షేన్‌తో ఆ మాటే అన్నాడు, బార్క్‌లీ ఫిలడెల్ఫియాకి పోతే నాకు నిద్ర పట్టడం కష్టమని. అందరూ చూశారు.

మావాడిది మూడో పక్షం. "మామయ్యా, రన్నింగ్ బ్యాక్‌కి అంత పోయడం దండగ. డ్రాఫ్ట్ అయిదో రౌండ్‌లో మా జెయింట్స్ తెచ్చుకున్న ట్రేసీ మొన్న సియాటిల్‌లో 129 గజాలు కొట్టాడు."

నా ఓటు కుర్రాడికే. ఆటగాణ్ణి ఖర్చు పద్దులో రాసుకున్నవాళ్లు, వాడు పక్క ఊరికి పోగానే విశ్వాసం గురించి మాట్లాడితే ఎలా? రషీద్ ఖాన్ సన్‌రైజర్స్ నుంచి వెళ్లిపోయి 2022లో గుజరాత్‌తో కప్పు ఎత్తినప్పుడు మన హైదరాబాద్‌లోనూ ఇదే ఏడుపు. ఈ సంగతి పెద్దాయనకి చెప్పబోయాను గానీ, ముందు క్రికెట్ అంటే ఏమిటో చెప్పాల్సొచ్చేలా ఉంది. జంతికలు ఇచ్చి ఊరుకున్నాను. రెండోసారి ఆయనే చెయ్యి చాపాడు.

స్టేడియంలో బార్క్‌లీ బంతి ముట్టుకుంటే చాలు, 'బూ' అని ఒకటే గోల. రెండో క్వార్టర్‌లో ఒక్క పరుగులో 55 గజాలు పోయాడు. మా వరుసలో అరుపు సగంలో ఆగిపోయింది. చివరికి 17 సార్లు బంతి అందుకుని 176 గజాలు, బంతితో చివరి గీత దాటి ఒక టచ్‌డౌన్. ఈగిల్స్ 28, జెయింట్స్ 3. నాలుగో క్వార్టర్‌లో 16 కోట్ల జోన్స్‌ని కూడా పక్కన కూర్చోబెట్టారు. నెల దాటాక, నవంబర్లో, వదిలేశారు.

తిరుగు రైల్లోనూ మావాడు తగ్గలేదు. సీజన్ అయ్యేసరికి బార్క్‌లీ 2,005 గజాలు పరిగెత్తాడు. ఫిబ్రవరి 9న, సరిగ్గా అతని పుట్టినరోజు నాడు, ఈగిల్స్ 40-22తో కాన్సస్ సిటీని ఓడించి ఫైనల్, అంటే సూపర్ బౌల్, గెలిచింది. ఇప్పుడేమంటావురా అని హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాను.

"ముందు ఈగిల్స్ లైన్‌లో మైలాటా, లేన్ జాన్సన్ లాంటివాళ్లు అవతలివాళ్లని అడ్డుకుని దారి చేసి పెడితే ఎవడైనా పరిగెత్తుతాడు మామయ్యా. మా లైన్ వెనకాల పరిగెత్తమనండి చూద్దాం!"

"అయితే ఆ లైన్ మీద ఖర్చు పెట్టొచ్చుగా మీ వాళ్లు?" అన్నాను.

"అది వేరే గొడవ" అని మొదలుపెట్టి, ముప్పావుగంట వదల్లేదు.