బెంజ్ సర్కిల్ నుంచి బెంజ్ ఊరికి

మా నాన్న నలభై ఏళ్ళపాటు రోజూ పొద్దున్నే కృష్ణలంకలో బయల్దేరి, బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటి, ఆటోనగర్‌లో తన షెడ్డు తాళం తీసేవారు. విజయవాడలో పెరిగిన నాకు బెంజ్ అంటే ముందు ఒక సెంటరు. ఆటోవాళ్ళు కేకేసి పిలిచే పేరు. కారు అని తెలిసింది తర్వాత. నాన్నకైతే బెంజ్ అంటే లారీయే. 1954లో టాటావాళ్ళు ఈ జర్మనీ కంపెనీతో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసేదాకా వాటి ముందు భాగంలో మూడు కొమ్మల నక్షత్రం ఉండేది. పద్నాలుగేళ్ళకు పానా పట్టుకున్న నాన్న పని నేర్చుకున్నది ఆ లారీల కిందే.

తమ్ముడు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో నాన్నని వెంటబెట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళాను. కోటలు, నల్లమల లాంటి దట్టమైన అడవి, బోడెన్ సరస్సు అంటూ వాడు పెద్ద లిస్టే చదివాడు. నాన్న అంతా విని, "అవన్నీ తర్వాత చూద్దాంలేరా. ముందు ఆ బెంజ్ అనే ఆయన షెడ్డు ఎక్కడుందో అక్కడికి తీసికెళ్ళు" అన్నారు.

ఆ షెడ్డు ఉన్నది స్టుట్‌గార్ట్‌లో కాదు, మన్‌హైమ్‌లో. కారులో గంటన్నర ప్రయాణం. మన్‌హైమ్ పాత ఊళ్ళో వీధులకు పేర్లుండవు. చదరంగం పలకలా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక్కో గడికి ఒక అక్షరం, ఒక అంకె. కార్ల్ బెంజ్ పనిచేసిన చోటు టీ6. ఇప్పుడక్కడ మామూలు ఊరే కనిపిస్తుంది. అయినా నాన్న ఆ వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచారు. 1879 డిసెంబరు 31 రాత్రి, భోజనాలయ్యాక, ఇంజను ఇంకోసారి తిప్పి చూద్దామని భార్య బెర్తా అంటే ఇద్దరూ షెడ్డుకు వెళ్ళారట. ఆ ఇంజను అంతకుముందెప్పుడూ సరిగా నడిచింది కాదు. ఆ రాత్రి మాత్రం ఆగకుండా నడిచింది. ఆరేళ్ళ తర్వాత, 1886 జనవరి 29న, మూడు చక్రాల బండికి బెంజ్ పేటెంటు అడిగాడు. ఒకే సిలిండరు, ముప్పావు హార్స్‌పవరు, గంటకు 16 కిలోమీటర్లు. మా ఇంట్లో నీళ్ళ మోటారుకు కూడా ఆ మాత్రం పవరు ఉంటుంది.

ఆ షెడ్డు నిలబడింది బెర్తా కట్నం డబ్బుతో. పెళ్ళి కాకముందే, 1871లో, ఆమె తండ్రిని ఒప్పించి ఆ డబ్బు ముందుగా తెప్పించి, బెంజ్ భాగస్వామి వాటా కొనిపించింది. కట్నం మాట వినగానే నాన్న ఒక్క క్షణం ఆగి, "మీ అమ్మ గొలుసు లాగా" అన్నారు. మా షెడ్డులో మొదటి వెల్డింగ్ సెట్టు అమ్మ గొలుసు తాకట్టు పెట్టి కొన్నదే. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న నోట వినడం మాత్రం నేను అదే మొదటిసారి.

మన్‌హైమ్ నుంచి పిఫోర్జ్‌హైమ్ దాకా ఒక దారి ఉంది. దారి పొడవునా బోర్డుల మీద బెర్తా బెంజ్ పేరు కనిపిస్తుంది. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులు ఓయ్‌గన్, రిఖార్ట్‌లను ఎక్కించుకుని ఆమె ఆ బండిలో పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్లకు పైగా దూరం. అప్పటిదాకా ఆ బండ్లు ఊళ్ళో నాలుగు వీధులు తిరిగి ఇంటికి చేరడమే తప్ప ఊరు దాటి వెళ్ళింది లేదు. కొనేవాళ్ళు లేరు. బెంజ్‌కేమో ఎంతసేపూ బండిని ఇంకా బాగుచేయాలనే ధ్యాస. ఇది రోడ్డు మీద నడుస్తుందని లోకానికి చూపించాలని ఆమె పట్టుదల. మేమూ హైవే వదిలేసి ఆ ఊళ్ళ మీదుగానే వెళ్ళాం. ఆపిల్ తోటలు, ద్రాక్ష కొండలు, ఎర్ర పెంకుల ఇళ్ళు, ప్రతి ఊరికీ ఒక చర్చి గోపురం.

వీస్‌లోఖ్ అనే ఊళ్ళో ఒక మందుల షాపుంది. బండిలో ఇంధనం తగ్గిపోతే బెర్తా ఆగింది అక్కడే. అప్పట్లో పెట్రోలు బంకులెక్కడివి? లిగ్రోయిన్ అని, బట్టల మీద మరకలు పోగొట్టే ద్రవం ఒకటి మందుల షాపుల్లో సీసాల్లో అమ్మేవారు. బండి నడిచేది దానితోనే. షాపులో ఉన్నదంతా కొనుక్కుని ఆమె ముందుకు సాగింది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు తమదేనని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. షాపు ఎదురుగా స్మారక శిల్పం కూడా పెట్టారు. మేం వెళ్ళేసరికి ఒక ముసలావిడ దగ్గుమందు కొనుక్కుని బయటికి వస్తోంది. నాన్న ఆవిడకు నమస్కారం పెట్టారు. ఎందుకో నేను అడగలేదు. ఆవిడా నవ్వుతూ తల ఊపింది.

అక్కడి బెంచీ మీద కూర్చుని, ఆ రోజు దారిలో వచ్చిన రిపేర్లన్నీ నేను ఫోనులో చదివి నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన ఒక్కొక్కటే మనసులో విప్పి చూసుకుంటున్నట్టు విన్నారు. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే బెర్తా తన టోపీకి పెట్టుకునే పొడుగు పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. "నాజిల్‌లో కచరా. గాలి ఊదడానికి లేనప్పుడు అదే చెయ్యాలి." కరెంటు వైరు ఒరుసుకుపోతే మేజోళ్ళు జారకుండా కట్టుకునే ఎలాస్టిక్ పట్టీ తీసి చుట్టింది. "షార్టవుతోందని కనిపెట్టింది చూడమ్మా. చుట్టడం ఎవరైనా చుడతారు. కనిపెట్టడమే పని." బ్రుక్సల్ దగ్గర చైను సాగితే కమ్మరి చేత సరిచేయించింది. దిగుడులో చెక్క బ్రేకులు అరిగిపోతే బౌష్‌లాట్‌లో చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. ఇక్కడ నాన్న లేచి నిలబడ్డారు. "లైనింగు! బ్రేకు లైనింగు పుట్టిందే అక్కడన్నమాట."

ఎత్తులో బండి లాగలేక ఆగిపోతే పిల్లలు దిగి తోశారు. పుట్టింటికి చేరాక సాయంత్రం భర్తకు టెలిగ్రాము కొట్టింది. ఇంటికొచ్చాక ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది. బెంజ్ పెట్టాడు. బండి కట్టినవాడికి తెలియని లోపం దాన్ని నడిపినవాళ్ళకి తెలుస్తుంది. మా షెడ్డుకు వచ్చే లారీ డ్రైవర్లను నాన్న ముందు కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఆ తర్వాతే బానెట్ ఎత్తేవారు. ఆ అలవాటు ఎందుకో నాకు వీస్‌లోఖ్‌లో అర్థమైంది.

పిఫోర్జ్‌హైమ్ బంగారు నగల పనికి పేరున్న ఊరు. ఆమె చూసిన ఊరు మాత్రం ఇప్పుడు లేదు. 1945 ఫిబ్రవరి 23 రాత్రి బాంబుల్లో నడిబొడ్డంతా నేలమట్టమైంది. వేలమంది పోయారు. ఇప్పుడున్నదంతా తర్వాత కట్టింది. అది చూడకుండానే, 1944 మే 5న, లాడెన్‌బుర్గ్‌లో ఆమె కన్నుమూసింది. అంతకు రెండు రోజుల ముందే, తొంభై అయిదో పుట్టినరోజున, కార్ల్స్‌రూయె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ పదవి ఇచ్చింది. భర్తకు గౌరవ డాక్టరేటు 1914లోనే వచ్చింది. ఆమెకు ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. ఈ సంగతి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మర్నాడు స్టుట్‌గార్ట్‌లో బెంజ్ కంపెనీ మ్యూజియం. 2006లో తెరిచిన భవనం, బయట నుంచి వెండి చుట్టలా మెరుస్తుంటుంది. లిఫ్టులో ముందు పైకి తీసికెళ్ళి, అక్కడి నుంచి ఏటవాలు దారిలో చుట్టూ తిరుగుతూ కిందికి దిగమంటారు. దిగేకొద్దీ ఏళ్ళు గడుస్తాయి. పైన తలుపు తెరుచుకోగానే కనిపించేది కారు కాదు, తెల్ల గుర్రం! తనకు గుర్రం మీదే నమ్మకమనీ, మోటారు కారు నాలుగు రోజుల ముచ్చటేననీ జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ అన్నట్టుగా చెప్పే మాట దాని దగ్గర రాసి ఉంది.

అదే అంతస్తులో బెంజ్ మూడు చక్రాల బండీ, డైమ్లర్ నాలుగు చక్రాల బండీ ఉన్నాయి. రెండూ 1886 నాటివే. గొట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ ఇదే ఊళ్ళో, కాన్‌స్టాట్‌లో, తోటలోని మొక్కల ఇంట్లో తలుపులు బిగించుకుని పనిచేసేవాళ్ళు. రాత్రీపగలూ చప్పుళ్ళు వస్తుంటే దొంగ డబ్బు తయారుచేస్తున్నారేమోనని పోలీసులు వచ్చి సోదా చేశారట. మన్‌హైమ్ ఇక్కడికి ఎంతో దూరం కాదు. అయినా బెంజ్, డైమ్లర్ జీవితంలో ఒక్కసారి కూడా కలిసి మాట్లాడుకోలేదని చెబుతారు. రెండు కంపెనీలూ 1926లో ఒకటయ్యేనాటికి డైమ్లర్ పోయి ఇరవై ఆరేళ్ళు.

మెర్సిడెస్ అనే పేరు మాత్రం ఇద్దరిదీ కాదు. ఫ్రాన్సులోని నీస్‌లో ఉండే ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి డైమ్లర్ కార్లు కొని డబ్బున్నవాళ్ళకు అమ్మేవాడు. ఇంకా వేగం కావాలి, బండి ఇంకా కిందికి ఉండాలి అని కంపెనీని వెంటాడేవాడు. మైబాఖ్ కొత్త కారు కట్టాడు. 35 హార్స్‌పవరు, తేనెపట్టులాంటి రేడియేటరు. దానికి యెల్లినెక్ తన కూతురి పేరు పెట్టించాడు. 1901 మార్చిలో నీస్ పందేల్లో అది అందర్నీ వెనక్కి నెట్టేసింది. అప్పటికి మెర్సిడెస్ పదకొండేళ్ళ పిల్ల. ఒక పేరు కూతురిది, ఇంకో పేరు వెనక భార్య. ఇన్నేళ్ళుగా ఆ నక్షత్రాన్ని చూస్తూ నేను అనుకున్నదల్లా కోటు వేసుకున్న మగవాళ్ళ సంగతే.

మధ్య అంతస్తుల్లో జపాన్ చక్రవర్తి వాడిన పెద్ద 770 కారు దగ్గర జనం గుమిగూడారు. దానికన్నా నన్ను ఆపింది యుద్ధకాలం గురించిన భాగం. 1944 నాటికి ఈ కంపెనీలో పనిచేసేవాళ్ళలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చినవాళ్ళు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవాళ్ళు. కంపెనీ ఆ నిజాన్ని తనే ఒప్పుకుంది. పనివాడి విషయంలో నాన్న చాలా పట్టింపు మనిషి. శనివారం కూలి డబ్బు ఇవ్వకుండా ఎప్పుడూ ఇంటికి రాలేదు. ఆ భాగం దాటేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

కిందికి దిగితే 1954 నాటి 300 ఎస్ఎల్. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. సోకు కోసం పెట్టిన తలుపులు కావవి. సన్న గొట్టాలతో అల్లిన ఛాసిస్ పక్కల్లో ఎత్తుగా ఉండటంతో మామూలు తలుపు పెట్టడం కుదరలేదు. ఈ అక్కచెల్లెళ్ళ వరసలోదే రేసు కారు 300 ఎస్ఎల్ఆర్ కూపే. కట్టినవి రెండే. అందులో ఒకదాన్ని 2022 మేలో ఈ మ్యూజియంలోనే వేలం వేస్తే 13.5 కోట్ల యూరోలు పలికింది. మన డబ్బులో దాదాపు 1,100 కోట్లు. తమ్ముడు ఆ లెక్క చెప్తుంటే నాన్న వినడం లేదు. అప్పటికే ఆయన ఇంకో గ్యాలరీలోకి వెళ్ళిపోయారు.

వెతుక్కుంటూ వెళ్తే ఒక పాత 240 డి దగ్గర కనిపించారు. గ్రీసు దేశంలో టాక్సీగా తిరిగిన డీజిల్ కారది. 1976 మోడల్. దాని యజమాని 46 లక్షల కిలోమీటర్లు నడిపి 2004లో కంపెనీకి ఇచ్చేశాడు. భూమి చుట్టూ వంద సార్లకు పైగా తిరిగినట్టు.

"ఇంజను మార్చకుండా ఇంత రాదు. ఎన్నిసార్లు దించాడో" అంటూ నాన్న ముందుకు వంగి టైర్లు, కింద ఛాసిస్, సీటు మీద పడ్డ గుంట చూశారు. ఏ బండిని ముట్టుకోబోయినా ముందు చేతులు పాంటుకు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడూ తుడుచుకున్నారు. ముట్టుకోకూడదని గుర్తొచ్చి చేతులు వెనక్కి కట్టుకున్నారు.

తమ్ముడు ఫోను తీసి, "ఆ రెక్కల కారు దగ్గరికి రండి నాన్నా, ఫోటో తీస్తాను" అన్నాడు.

"ఇక్కడే తియ్యరా" అని టాక్సీ పక్కన నిలబడ్డారు. ఫోటో అయ్యాక నా వైపు తిరిగి, "ఆయిలు ఎన్ని కిలోమీటర్లకోసారి మార్చేవాడో ఆ బోర్డు మీద ఏమైనా రాశారా, చూడమ్మా" అన్నారు.