బంధం తెగితే శక్తి రాదు

"ఏటీపీలో చివరి ఫాస్ఫేట్ బంధం తెగగానే అందులో దాగున్న శక్తి బయటికొస్తుంది" అని మొన్న మా అన్నయ్య కూతురు గడగడా అప్పజెప్పింది. వాళ్లుండేది ఇక్కడే చెన్నైలో, వేళచ్చేరిలో, నీట్‌కి చదువుతోంది. ఏటీపీ అంటే కణం తన పనులకు ఇంధనంలా వాడుకునే అణువు, దానికి మూడు ఫాస్ఫేట్‌లు వరసగా తగిలించి ఉంటాయి. అలా రాస్తే మార్కులు పడతాయేమో గానీ ఆ వాక్యం తప్పు, అది అలా బుర్రలో స్థిరపడిపోతే తర్వాత బయోకెమిస్ట్రీ ఏదీ సరిగ్గా ఎక్కదు.

ఏ బంధమైనా తెంచాలంటే మనమే శక్తి పెట్టాలి, దీనికి మినహాయింపు లేదు. శక్తి వచ్చేది కొత్త బంధం ఏర్పడినప్పుడు. పరమాణువులు విడిగా ఉన్నప్పటికన్నా కలిసినప్పుడు వాటి శక్తి తగ్గుతుంది, ఆ తగ్గినదే బయటికొస్తుంది. గ్యాస్ పొయ్యి నాబ్ తిప్పి లైటర్ నొక్కకపోతే వాసన వస్తుంది తప్ప మంట రాదు కదా, ఆ నిప్పురవ్వ మొదటి బంధాలు తెంచడానికయ్యే ఖర్చు. కార్బన్ డయాక్సైడ్‌, నీళ్లు తయారయ్యేటప్పుడు కట్టుకునే బంధాలు చాలా గట్టివి కాబట్టి ఆ ఖర్చు పోను ఇంకా బోలెడు మిగులుతుంది. కణంలో గ్లూకోజ్ విషయంలోనూ లెక్క ఇదే, కాకపోతే అక్కడ నిప్పురవ్వ బదులు ఎంజైములుంటాయి, పని చిన్న చిన్న మెట్లలో జరుగుతుంది.

ఇక ఏటీపీ. ఫాస్ఫేట్ తెగిన చోట నీటి అణువు వచ్చి కొత్త బంధం కడుతుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటున్న రుణావేశాలు దూరమవుతాయి, ఏడీపీ (ఒక ఫాస్ఫేట్ పోయాక మిగిలే అణువు), ఊడిన ఫాస్ఫేట్‌ల చుట్టూ నీళ్లు ఇంకా బాగా అల్లుకుంటాయి. అన్నీ కలిపితే ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కి సుమారు 30.5 కిలోజౌళ్లు. బతికున్న కణంలో అదే దాదాపు 50 అవుతుంది, ఎందుకంటే ఏడీపీ పేరుకోకుండా మైటోకాండ్రియా (కణంలో ఏటీపీ తయారుచేసే భాగం) ఎప్పటికప్పుడు దాన్ని మళ్లీ ఏటీపీగా మారుస్తూనే ఉంటుంది. ఆ పని ఆగిపోయి అంతా సమతాస్థితికి, అంటే మొత్తమ్మీద ఎటూ మార్పు జరగని స్థితికి, వచ్చేసిందనుకోండి, అదే అణువు, అదే బంధం, కానీ దానితో చేయించుకోగల పని సున్నా. శక్తి బంధంలోనే దాగుంటే ఇలా ఎలా జరుగుతుంది? 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ అనే బయోకెమిస్ట్ 'హై ఎనర్జీ' ఫాస్ఫేట్ బంధం అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు, ఈ గందరగోళంలో చాలా భాగం ఆ పేరు వల్లే అని నా అభిప్రాయం.

అన్నట్టు, 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుక్కున్నది భీమవరంలో పుట్టి, ఈ ఊళ్లోనే మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు). ఆయన పేరు పిల్ల నోట్సులో ఎక్కడా లేదు, చూసి బాధేసింది.

"అయితే అత్తా, చనిపోయాక ఒళ్లెందుకు బిగుసుకుంటుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. కండరాన్ని బిగించేవి మయోసిన్, ఆక్టిన్ అనే రెండు ప్రొటీన్లు. మయోసిన్ తల ఆక్టిన్ పోగును పట్టుకుని ఉంటుంది, అది వదలాలంటే ఏటీపీ వచ్చి దానికి అంటుకోవాలి. తెగడం కాదు, అంటుకోవడం! ఊపిరి ఆగాక ఏటీపీ అయిపోతుంది, తలలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి. బతికున్నప్పుడైతే, వదిలాక ఏటీపీ తెగి తల వెనక్కి వంగి సిద్ధమవుతుంది, మళ్లీ ఆక్టిన్‌ను పట్టుకుని ఫాస్ఫేట్‌ను వదిలేస్తూ బిగించేటప్పుడే అసలు లాగుడు పడుతుంది.