డెన్వర్‌లో అద్దె కారు, మేము చేయని సొట్టలు: నా అనుభవం

నిన్న సాయంత్రం అద్దె కార్ల కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. కారుకు పడిన సొట్టల పేరుతో నన్ను అడిగిన రెండు వేల పైచిలుకు డాలర్లు ఇక అడగబోమని, ఫైలు మూసేశామని ఒకే ఒక్క వాక్యం. క్షమాపణ లేదు, కారణం లేదు. అయినా చదవగానే గుండెల మీద బరువు దిగినట్టయింది. వెంటనే తెనాలికి ఫోన్ చేసి నాన్నకు చెప్పాను. కోపం చల్లారకముందే అంతా రాసి పెడుతున్నాను. ఈ వేసవిలో అమ్మానాన్నలకు అమెరికా చూపించాలని అనుకుంటున్నవారు చాలామందే ఉంటారు, వాళ్లకు పనికొస్తుంది.

మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. అమ్మానాన్నలకు రాకీ పర్వతాలు చూపిద్దామని డెన్వర్‌కు విమానంలో వెళ్లి, అక్కడ కారు తీసుకుని ఎస్టెస్ పార్క్ అనే ఊరికి బయల్దేరాం. బుకింగ్‌లో ఇబ్బందేమీ లేదు. రోజు అద్దె చూసి మురిసిపోకుండా చివరి పేజీలో మొత్తం ఎంతో చూడండి. విమానాశ్రయానికి కంపెనీ కట్టే వాటా, సౌకర్యాల రుసుము, పన్నులు అన్నీ అక్కడ కలుస్తాయి. వాటి గురించి కౌంటర్‌లో వాదించి లాభం లేదు. ఆ కార్యాలయాలు టెర్మినల్‌లో ఉండవు, షటిల్ బస్సు ఎక్కి వెళ్లాలి.

కౌంటర్‌లో కుర్రవాడు డ్యామేజ్ వేవర్ (కారుకు నష్టం జరిగినా మనల్ని అడగబోమని డబ్బు తీసుకుని కంపెనీ ఇచ్చే హామీ) తీసుకోమని చాలాసేపు పట్టుబట్టాడు. వద్దన్నాను. నా సొంత కారు పాలసీ అద్దె కారుకూ వర్తిస్తుంది. పైగా అద్దె మొత్తం ఏ క్రెడిట్ కార్డుతో కట్టానో ఆ కార్డు కూడా కారు నష్టాన్ని భరిస్తుంది. అయితే కౌంటర్‌లో వాళ్ల వేవర్ తీసుకుంటే చాలా కార్డుల రక్షణ పోతుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇండియా నుంచి చూడటానికి వచ్చి, అక్కడి లైసెన్సుతో నడిపే తమ్ముడికో బావకో ఇక్కడ సొంత పాలసీ ఉండదు. కార్డు ఇచ్చే రక్షణ అద్దె కారుకే గాని, ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే పైసా రాదు. అలాంటివారు లయబిలిటీ ఇన్సూరెన్స్ తప్పకుండా కొనాలి. ఆ ఒక్క చోట పొదుపు చేయకండి.

పెట్రోలుకు ముందే డబ్బు కట్టే పథకం ఒప్పుకోకండి, ట్యాంకు నింపి తిరిగివ్వండి, రసీదు దాచుకోండి. టోల్ సంగతి అంతకన్నా ముఖ్యం. విమానాశ్రయం పక్క నుంచే వెళ్లే ఈ-470 రహదారిలో 2009 నుంచి నగదు తీసుకునే బూత్‌లే లేవు. కెమెరా నంబర్ ప్లేటును ఫొటో తీస్తుంది, బిల్లు అద్దె కంపెనీకి వెళ్తుంది, కంపెనీ టోల్‌తో పాటు తన రుసుమూ కలిపి మీ కార్డు మీద వేస్తుంది. మేము ఫోన్ మ్యాప్‌లో టోల్ రోడ్లు వద్దని పెట్టుకుని, పెన్యా బులివార్డ్, ఐ-70, ఐ-270 మీదుగా యూఎస్-36 ఎక్కి వెళ్లాం. కాస్త ఆలస్యం, అంతే. యూఎస్-36లో ఎడమవైపు ఎక్స్‌ప్రెస్ లేన్‌లోకి మాత్రం వెళ్లకండి, దానికీ టోల్ ఉంది.

కారు చేతికి వచ్చేసరికి రాత్రయింది. షెడ్డు కింద ట్యూబులైట్ల వెలుగులో చుట్టూ తిరుగుతూ ఫోన్‌లో వీడియో తీశాను. బానెట్ మీద, పైకప్పు మీద కూడా నెమ్మదిగా ఫోన్ తిప్పాను. అక్కడి ఉద్యోగిని చీటీ మీద గీతలు గుర్తించమంటే, నాణెం కంటే చిన్న మచ్చలు రాయక్కరలేదన్నాడు. ఆ మాట నోటిమాటే. కాగితం మీద ఎక్కడా లేదు.

యాత్ర గురించి ఎంత రాసినా తక్కువే. రాకీ పర్వతాల మీదుగా వెళ్లే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద 12,183 అడుగుల ఎత్తున అమ్మ చీర కొంగు బిగించుకుని మంచును చేతిలోకి తీసుకుంది. అది చాలు నాకు.

తిరిగి ఇచ్చేటప్పుడు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతోంది. కారు తీసుకోవడానికి వచ్చిన మనిషి బానెట్ దగ్గర వంగి, పక్క నుంచి చూసి, వేలితో ఒక్కొక్క చోటే తడుతూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న సొట్టలు, వడగళ్లు పడినవి. ఎదురుగా నిలబడి చూస్తే కనబడవు, ఆ వాలు వెలుగులో మాత్రం చర్మం మీద ఆటలమ్మ మచ్చల్లా తేలాయి. "ఇవి ఎక్కడ పడ్డాయి?" అన్నాడు. మేమున్నన్నాళ్లూ వడగళ్ల వానే లేదని చెప్పాను. "కారు మీ దగ్గరే ఉంది కదా, ఇంకెవరికి తెలుస్తుంది?" అని ఇంకో ఇద్దరిని పిలిచాడు. ముగ్గురూ కారు చుట్టూ చేరారు. పక్కన కార్లు ఇస్తున్నవాళ్లు ఆగి మమ్మల్నే చూస్తున్నారు. ఆ మనిషి నా మొహం వైపు చూడకుండా టాబ్లెట్‌లో రాసుకుంటూ పోతున్నాడు. నేనేదైనా చెబితే, ఇది మామూలేనన్నట్టు చిన్నగా నవ్వుతున్నాడు.

నాన్న బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా ఇతరుల డబ్బు లెక్కపెట్టి, ఒక్క రూపాయి తేడా రాకుండా అప్పజెప్పిన మనిషి. ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏమ్మా, మన వల్ల ఏమైనా జరిగిందా?" అన్నారు. లేదన్నాను. "పోనీ, ఎంతో కొంత ఇచ్చేసి వెళ్దామా? విమానం వేళవుతోంది" అన్నారు. అమ్మ సూట్‌కేసు పట్టుకుని నేల చూపులు చూస్తోంది. ఆ నిమిషం నాకింకా మంటగానే ఉంది. నా తండ్రిని దొంగసొమ్ముతో పట్టుబడినవాడిలా నిలబెట్టారు. చాలామంది ఎందుకు కట్టేస్తారో అప్పుడు అర్థమైంది. విమానం వేళకు, పెద్దవాళ్ల ముందు, పదిమందీ చూస్తుంటే ఎవరు వాదిస్తారు? తప్పొప్పులు తేల్చడం వాళ్లకు అక్కరలేదు, మన తొందరా మన సిగ్గూ వాళ్లకు చాలు.

నష్టం ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. "ఈ సొట్టలు ముందువి, నేను ఒప్పుకోవడం లేదు" అని చీటీ మీద రాసి, దాని ఫొటో తీసుకుని బయల్దేరాను. విమానం అందింది.

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. మరమ్మతు ఖర్చు, మరమ్మతు జరిగే రోజులకు పోయే అద్దె, కారు విలువ తగ్గినందుకు ఇంత, నిర్వహణ రుసుము ఇంత, అన్నీ కలిపి ఒకే అంకె. గడువులోగా కట్టకపోతే వసూలు ఏజెన్సీకి అప్పగిస్తామని చివర హెచ్చరిక.

నేను ఫోన్ చేయలేదు. ఫోన్‌లో ఎవరేమన్నారో రేపు ఎవరూ ఒప్పుకోరు, అన్నీ ఈమెయిల్‌లోనే నడిపాను. తేదీ, సమయం ఉన్న ఫొటోలు, మరమ్మతు అంచనా, నా కంటే ముందు ఆ కారు తీసుకున్నవారు తిరిగిచ్చినప్పటి తనిఖీ చీటీ, ఆ రోజుల్లో కంపెనీ దగ్గర ఎన్ని కార్లు ఖాళీగా ఉన్నాయో చూపే లాగ్ అడిగాను. వేరే కార్లు ఖాళీగా ఉంటే అద్దె పోయిందనడానికి లేదు కదా. కార్డు బీమావాళ్లు కూడా సాధారణంగా ఆ లాగ్ అడుగుతారు. ఫొటోలు, అంచనా మాత్రం పంపారు. ముందటి తనిఖీ చీటీ ఎన్నిసార్లు అడిగినా రాలేదు.

అప్పుడు నా వీడియో మళ్లీ చూశాను. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు వడగళ్లు కొత్త కాదు. మా సొంత కారుకు ఒకసారి సొట్టలు తీయించినప్పుడు, మెకానిక్ చారల దీపం ఒకటి బానెట్ పక్కన పెట్టి, ఆ చారలు ఎక్కడ వంకర పోతాయో చూసి గుర్తులు పెట్టాడు. నా వీడియోలో షెడ్డు ట్యూబులైట్ బానెట్ మీద తెల్లటి గీతలా ప్రతిఫలిస్తోంది. నేను నడుస్తున్నకొద్దీ ఆ గీత జరుగుతూ, సరిగ్గా వాళ్ల ఫొటోల్లో సున్నా చుట్టి చూపిన చోట్లే వణికినట్టు వంకర పోతోంది. కారు నా చేతికి వచ్చిన రాత్రే ఆ సొట్టలు ఉన్నాయి! వీడియోలో ఆ క్షణాలను విడి ఫొటోలుగా తీసి, పక్కనే వాళ్ల ఫొటోలు పెట్టి పంపాను.

దానితో ఆగలేదు. డెన్వర్ ఉన్న కొలరాడో ఫ్రంట్ రేంజ్, అంటే రాకీ పర్వతాల తూర్పు అంచు, వడగళ్లకు పేరుమోసిన ప్రాంతం. 2017 మే 8న డెన్వర్ మీద పడిన వడగళ్ల వాన వల్ల బీమా నష్టమే 2.3 బిలియన్ డాలర్లని లెక్క. అలాంటి చోట ప్రతి కారు మీదా ఎప్పటివో మచ్చలు ఉండటంలో వింతేముంది? అక్కడే, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో, 1997 ఫోర్ట్ కాలిన్స్ వరదల తర్వాత 1998లో కోకోరాస్ అనే స్వచ్ఛంద వాన కొలతల బృందం మొదలైంది. మామూలు జనం ఇంటి పెరట్లో వాన, మంచు, వడగళ్లు కొలిచి పంపుతారు, అందరూ చూసుకోవచ్చు. పడని రోజున సున్నా అని కూడా రాయమని వాళ్లు పట్టుబడతారు, నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఆ సున్నాలే. మేము తిరిగిన దారిలో, మేమున్న రోజుల్లో వడగళ్ల నివేదిక ఒక్కటీ లేదు. మేము రాకముందు వారంలో విమానాశ్రయం పరిసరాల్లోనే ఉన్నాయి. ఆ మ్యాపులు కూడా జత చేశాను. ఎక్కడో పెరట్లో కొలతపాత్ర చూసి సున్నా రాసిన ఆ అపరిచితులకు నేను రుణపడి ఉన్నాను.

ఉత్తరం ఒక పేజీకి మించలేదు. ఒక్క పరుష పదం వాడలేదు. ముందటి తనిఖీ చీటీ చూపకుండా ఈ బిల్లు కార్డు మీద వేస్తే వివాదం దాఖలు చేస్తానని, రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు చేస్తానని రాశాను. ఆ ఉత్తరం బాగా రాశానని నాకు గర్వంగానే ఉంది. నాన్న దాన్ని ప్రింటు తీయించి తన ఫైల్లో పెట్టుకున్నారు.

మీకు ఇలాంటిది ఎదురైతే గుర్తుంచుకోవలసిన గడువులు రెండు. ఒప్పుకోని చార్జీ కార్డు మీద పడితే, ఆ స్టేట్‌మెంట్ పంపిన అరవై రోజుల్లోగా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. వసూలు ఏజెన్సీ నుంచి అప్పు వివరాల నోటీసు వస్తే, అందిన ముప్పై రోజుల్లోగా ఆ అప్పు నాది కాదని రాసి, ఆధారం చూపమని అడగాలి. ఫైలు మూసేశామని వాళ్లు రాసినా, ఆ కార్డు స్టేట్‌మెంట్లు మాత్రం కొన్ని నెలలపాటు వరుసవరుసగా చదవబోతున్నాను.