నా పేరు మీద ఇ55.9

నేను మెడికల్ కోడర్‌ని. అమెరికాలో ఎవరో డాక్టర్ దగ్గరికి వెళ్తారు, ఆ డాక్టర్ రాసిన నోట్సు మా సిస్టమ్‌లోకి వస్తుంది, అది చదివి జబ్బుకి తగిన కోడ్ వెయ్యాలి. అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకి అర్థమయ్యే భాష అదే. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లు వేలల్లో ఉన్నాం. ఏడేళ్లలో నేను లెక్కలేనన్నిసార్లు వేసిన కోడ్ ఇ55.9. విటమిన్ డి లోపం. దానికి ఆలోచించే పనే లేదు, చెయ్యి దానంతటదే టైప్ చేసేస్తుంది.

ఒకరోజు అదే కోడ్ వెయ్యాల్సిన రిపోర్టు నా పేరు మీద వచ్చింది. 25 హైడ్రాక్సీ విటమిన్ డి, 9.1. మిల్లీలీటరుకి 20 నానోగ్రాములకంటే తగ్గితే లోపం కింద లెక్క. అప్పటికి మా పాప పుట్టి 12 రోజులు. నేనింకా దాన్ని ఒక్కసారి కూడా ఒళ్లోకి తీసుకోలేదు.

సరిగ్గా 30 వారాలు నిండిన రోజు రాత్రి రెండింటికి దుప్పటి తడిసింది. యూరిన్ పోయిందేమో అనుకుని సిగ్గుపడి, మా ఆయన్ని లేపకుండా దుప్పటి మార్చి పడుకున్నాను. పది నిమిషాల్లో మళ్లీ తడిసింది. ఆస్పత్రికి వెళ్తే ఉమ్మనీరు పోతోందన్నారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసమని 12 గంటలకొకటి చొప్పున నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేశారు. నాలుగూ పడ్డాయి, అది మా అదృష్టం. మూడోరోజు నొప్పులు ఆగలేదు. 1,280 గ్రాములు. లేబర్ రూమ్‌లో సిస్టర్ బరువు చదివి వినిపించగానే నా బుర్రలో పీ07.15 మెదిలింది, వెంటనే పీ07.33. మొదటిది బరువుకి, రెండోది వారాలకి. కన్నబిడ్డ మొహం ఇంకా చూడకముందే కోడ్‌లు గుర్తొచ్చాయంటే ఎవరికైనా విడ్డూరంగానే ఉంటుంది. నాకూ ఉంది.

నాలుగు రోజులు ముక్కుకి సీప్యాప్ పెట్టారు, ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే గొట్టం. ఊపిరి తీసుకోవడం మరిచిపోకుండా కెఫీన్ ఇచ్చారు. కాఫీలో ఉండేదే అని చెబితే మా అమ్మ "పసిగుడ్డుకి కాఫీ ఏంటే!" అని నోరు నొక్కుకుంది. ఐదోరోజు నుంచి నా పాలు ఒక మిల్లీలీటరు, రెండు మిల్లీలీటర్లు గొట్టంలోంచి వెయ్యడం మొదలుపెట్టారు. ఈలోగా మాయ పరీక్ష రిపోర్టు వచ్చింది, కోరియోఆమ్నియోనైటిస్ అని. అంటే ఉమ్మనీటి సంచి పొరల్లో ఇన్‌ఫ్లమేషన్. పేపర్లలో దీన్ని వాపు అని రాస్తారు. నాకు ఎక్కడా వాపు లేదు, జ్వరం లేదు, నొప్పి లేదు. లోపల నిప్పు రాజుకుంటుంటే పైన నేను రోజుకి యాభై చార్టులు కోడ్ చేస్తూ కూర్చున్నాను.

తొమ్మిదో రోజు సాయంత్రం నేను పాలు తీసిచ్చి వచ్చేసరికి పాప దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. రెండుసార్లు ఊపిరి ఆగిందట. పొట్ట ఉబ్బింది, గొట్టంలో పచ్చటి ద్రవం వెనక్కి వచ్చింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, సీఆర్‌పీ, 46. లీటరుకి పది మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మర్నాటికి 61. పాలు ఆపేసి సెలైన్లోనే పోషకాలు ఎక్కించారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. బ్లడ్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. రిపోర్టు చూశాక మందు మార్చారు. పాప తాగకపోయినా మూడు గంటలకోసారి పాలు పిండి, సీసా మీద టైమ్ రాసి ఫ్రీజర్‌లో పెట్టించేదాన్ని. నాకు చేతనైన పని అదొక్కటే.

ఆ రోజుల్లోనే తొడలు పీకడం బాగా ఎక్కువైంది. నిజానికి ఐదో నెల నుంచీ ఉంది. కింద కూర్చుంటే నేలకి చెయ్యి ఆనించి గానీ లేవలేకపోయేదాన్ని. కడుపుతో ఉన్నవాళ్లకి మామూలే అని నేనే సర్ది చెప్పుకున్నాను. ఐసీయూ బయట బల్ల మీద నుంచి లేవడానికి నేను గోడ పట్టుకోవడం ఒక సిస్టర్ చూసి, డ్యూటీ డాక్టర్‌కి చెప్పింది. అలా చేసిన టెస్టే ఆ 9.1.

ఆ రాత్రి నిద్రపోలేదు. ఫోన్‌లో తల్లి విటమిన్ డి, నెలలు నిండని బిడ్డ, ఇన్‌ఫ్లమేషన్ అని కొట్టి ఏది దొరికితే అది చదివాను. సగం సగం చదివేవాళ్లకి ఏం దొరకాలో నాకూ అదే దొరికింది. బిడ్డకి డి తల్లి నుంచే వెళ్తుంది. బొడ్డుతాడు రక్తంలో ఉండే మోతాదు తల్లి మోతాదుకంటే తక్కువే ఉంటుంది. అంటే నాకు తొమ్మిది ఉంటే దానికి ఆరో, ఏడో. డి తక్కువైన తల్లుల బిడ్డల్లో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఎక్కువగా కనబడ్డాయని ఒక పేపరు. ఇంకేముంది, తీర్పు ఇచ్చేసుకున్నాను.

దానికి సాక్ష్యం ఇంట్లో డ్రాయర్‌లో ఉంది. ఐరన్‌తో పాటు రోజుకి రెండు కాల్షియం మాత్రలు వేసుకోమన్నారు, ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి. మలబద్ధకం భరించలేక నాలుగో నెలలోనే మానేశాను. తెరవని స్ట్రిప్పులు పదకొండు. నా బట్టల కోసం వెళ్లిన అత్తయ్య వాటిని చూసింది. ఏమీ అనలేదు. ఒక మాట అనేసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అమ్మది ఇంకో వాదన. మాది పల్నాడు, రెంటచింతల పక్క ఊరు. వేసవిలో టీవీ పెడితే ఆ పేరు వినబడని రోజుండదు. "అంత ఎండలో పెరిగినదానివి, నీకు ఎండ తక్కువైందంటే ఎవరన్నా నవ్విపోతారు" అంది. పెరిగింది అక్కడే, కానీ నాలుగేళ్లుగా ఉంటున్నది నిజాంపేటలో రెండో అంతస్తు. వర్క్ ఫ్రమ్ హోమ్. కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంటు గోడ. బాల్కనీకి దోమల మెష్, దాని మీద పావురాల నెట్. మధ్యాహ్నం ఎండ గదిలోకి పడినా అద్దంలోంచి పడేది, డి తయారీకి కావాల్సిన యూవీబీ కిరణాలని అద్దం ఆపేస్తుంది. ఆ మాటకొస్తే తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ బృందం చాలా ఏళ్ల క్రితమే ఊళ్లల్లో వాళ్లనీ పట్నం వాళ్లనీ పరీక్షించి, ఎండ దంచికొట్టే ఆ ప్రాంతంలోనే డి లోపం ఎంతగా ఉందో చూపించింది. ఊళ్లో ఎండ ఉంటే చాలదు, అది ఒంటి మీద పడాలి.

మర్నాడు రౌండ్స్ అయ్యాక పిల్లల డాక్టర్ గారిని ఆపి అడిగేశాను. "సార్, నా డి తక్కువ కాబట్టే పాపకి ఇలా అయిందా? దానికి కూడా టెస్టు చేస్తారా?"

ఆయన రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పారు. "మీ పాప ఒంట్లో మొత్తం రక్తం ఎంతో తెలుసా అమ్మా? సుమారు 110 మిల్లీలీటర్లు. ఒక ఇరానీ చాయ్ కప్పు. అందులోంచి ప్రతి చుక్కా లెక్క చూసి తీస్తున్నాం. మీకు తొమ్మిది అంటే దానికి తక్కువే ఉంటుంది, టెస్టు చేసినా చెయ్యకపోయినా డ్రాప్స్ ఎలాగూ ఇస్తాం. పాలు మళ్లీ మొదలుకానివ్వండి."

మొదటి ప్రశ్నకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మన రక్షణ కణాల్లో విటమిన్ డి ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయట. డి అందితే ఆ కణాలు క్రిముల్ని చంపే కాథెలిసిడిన్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటాయి. అంతే కాదు, క్రిమి పోయాక కూడా మంట ఎగదొయ్యకుండా, ఐఎల్-6 లాంటి రసాయనాలు మితిమీరకుండా డి కాస్త అదుపులో పెడుతుంది. అందుకే డి తక్కువైతే పిల్లల్లో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువవుతుందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి. కొన్నింట్లో సంబంధం కనబడింది, కొన్నింట్లో కనబడలేదు.

"ఇంకో తిరకాసు ఉంది," అన్నారు. "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే దానివల్లే రక్తంలో డి పడిపోతుంది. మీకు మాయలో ఇన్‌ఫ్లమేషన్ ఉంది కదా. ఏది ముందో, ఏది వెనకో ఇప్పుడు నేను చెప్పలేను. పాపకి వచ్చింది క్లెబ్సియెల్లా. 30 వారాలకి పుట్టింది, చర్మం పల్చన, చేతికి సెలైన్ లైన్ ఉంది, రోగనిరోధక శక్తి ఇంకా తయారవలేదు. ఇన్ని ఉండగా ఒక్కదాన్ని పట్టుకుని దీనివల్లే అని నేను రాయను. ఆ మాత్రలు వేసుకున్నా రోజుకి 500 యూనిట్లే, వాటితో మీ లెవెల్ ముప్పైకి ఎక్కేది కాదు."

నేను రాయను అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మా పనిలో చేరిన మొదటి వారమే నేర్పే సంగతి అది. చార్టులో రెండు జబ్బులు పక్కపక్కనే ఉన్నా సరే, డాక్టర్ 'డ్యూ టు' అని రాయకపోతే మనంతట మనం కలపకూడదు. షుగరు, కిడ్నీ లాంటి కొన్ని జంటలకి మినహాయింపు ఉంది, అది వేరే సంగతి. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే తప్పులు చేస్తారు, ఆడిట్‌లో దొరుకుతారు. గత ఏడాది నా కింద ట్రైనింగ్‌లో ఉన్న అబ్బాయిని ఇందుకే కోప్పడ్డాను కూడా. "నీకు అలా అనిపిస్తే సరిపోదు, చార్టులో ఉందా?" అని. నా సొంత చార్టు దగ్గరికి వచ్చేసరికి ఒక్క రాత్రిలో 'డ్యూ టు' రాసేసుకుని సంతకం కూడా పెట్టేశాను.

దీంతో బాధ పోయిందని అనను. స్ట్రిప్పులు పదకొండూ అక్కడే ఉన్నాయి. మాత్ర పడకపోతే డాక్టర్‌కి చెప్పి మార్పించుకోవాల్సింది, చెప్పకుండా మానెయ్యడం నా తప్పే. 2024లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ, అంటే హార్మోన్ల డాక్టర్ల సంఘం, గర్భిణులందరికీ టెస్టుతో పని లేకుండానే డి ఇవ్వడం మంచిదని సూచించింది, నెలలు నిండకుండా కాన్పు కావడం తగ్గవచ్చన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. అది చదివినప్పుడు మళ్లీ గుచ్చుకుంది. కాకపోతే మాత్ర మానడం వేరు, బిడ్డకి జబ్బు తెప్పించడం వేరు.

సీఆర్‌పీ 61 నుంచి 30, తర్వాత 12. పద్నాలుగు రోజుల మందు పూర్తయ్యేసరికి 4. పాలు మళ్లీ ఒక మిల్లీలీటరు నుంచి. ఆ వారమే సిస్టర్ పాపని నా జాకెట్టులోకి పెట్టి గుడ్డతో కట్టింది, కంగారూ మదర్ కేర్. దాని చెవి నా ఎదమీద ఉన్నప్పుడు, బిస్కెట్టు ముక్కంత కూడా లేని ఆ చెవి మెత్తగా మడత పడిపోయి, మళ్లీ దానంతటది తెరుచుకోలేదు. నేనే వేలితో సరిచేశాను. గట్టిపడటానికి ఇంకా వారాలు పడుతుందన్నారు. కడుపులో ఉండాల్సిన ఆ పది వారాల్లోనే ఎముకకి పట్టే కాల్షియంలో చాలా భాగం బిడ్డకి చేరుతుందట. నాలుగో వారం పరీక్షల్లో ఫాస్ఫరస్ తక్కువ వచ్చింది, పాలలో పొడి కలిపి ఇచ్చారు. కళ్లలో రెటీనా పరీక్ష కూడా అప్పుడే. 49వ రోజు 1,860 గ్రాములతో ఇంటికి వచ్చాం.

నాకు 60,000 యూనిట్ల సాచెట్లు, వారానికొకటి చొప్పున ఎనిమిది. అన్నం తిన్నాక పాలలో కలిపి తాగేదాన్ని. మా పిన్ని ఫోన్ చేసి, తెలిసినావిడకి ఆరు లక్షల ఇంజెక్షన్ ఒక్కటి చేస్తే సరిపోయిందని, నన్నూ చేయించుకోమంది. డాక్టర్ గారిని అడిగితే వద్దన్నారు. డి నీళ్లల్లో కరిగే విటమిన్ కాదు, ఎక్కువైతే ఒంట్లోనే ఉండిపోయి రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఐదోవారం ఒకరోజు పాప లంగోటా మార్చి మామూలుగా లేచి నిలబడ్డాను. వంటింట్లోకి వెళ్లాక గుర్తొచ్చింది, నేలకి చెయ్యి ఆనించలేదని. మూడు నెలల తర్వాత లెవెల్ 34.

పాప డ్రాప్స్ దగ్గర ఒకసారి గండం తప్పింది. మాకు రాసిచ్చినది ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లు ఉండేది. ఆ సీసా అయిపోతే మా ఆయన తెచ్చినదాంట్లో 800. డబ్బా రంగు దాదాపు ఒకటే. చిన్న అక్షరాలు చదివే వృత్తి కాబట్టి పట్టుకున్నాను. ఇంట్లో ఈ డ్రాప్స్ వేసేవాళ్లు సీసా మారినప్పుడల్లా ఆ అంకె చూసుకోండి. తల్లిపాలు తాగుతోంది కదా, డ్రాప్స్ ఎందుకని మానెయ్యకండి. లీటరు తల్లిపాలలో మామూలుగా వంద యూనిట్లు కూడా ఉండవు.

ఇంటికొచ్చాక అమ్మతో కొన్నాళ్లు లేత ఎండ యుద్ధం నడిచింది. పొద్దున ఏడింటి ఎండలో పాపకి నూనె రాసి పడుకోబెడితే డి వస్తుందంటుంది. ఆ టైమ్ ఎండలో యూవీబీ దాదాపు ఉండదని, మన నీడ మనకంటే పొట్టిగా ఉండే వేళ ఎండే పనికొస్తుందని, ఆ ఎండలో పసిపిల్లని పెట్టకూడదు కాబట్టే డ్రాప్స్ ఇస్తున్నారని చెప్పాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పదకొండున్నరకి ఉతికిన బట్టల బకెట్ నా చేతికిచ్చి, "సరే, నీడ పొట్టిగా ఉంది, వెళ్లి ఆరేసి రా" అని డాబా మీదికి పంపించింది. అప్పట్నుంచి మా ఇంట్లో బట్టలు ఆరెయ్యడం నా పనే.

పాపకి ఇప్పుడు పది నెలలు, ముందు పుట్టిన వారాలు తీసేస్తే ఏడున్నర. ఆసరా లేకుండా కూర్చుంటోంది. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే దాన్ని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్తుంది. నేను చూస్తున్నానని తెలిసి, "ఎండ కోసం కాదులేవే, పావురాలని చూపిద్దామని" అంటుంది. నేను డ్రాపర్‌లో గీత దాకా మందు తీసి, వాళ్లు లోపలికి వచ్చేదాకా పట్టుకుని నిలబడతాను.